నూనె ధార తెగదు

ముట్టు అన్న మాట మీద నాకు చిన్నప్పట్నుంచీ కోపం. ముట్టుకోవడమంటే తాకడం. ముట్టంటే ఏదీ తాకకూడని రోజులు. ఒకే మాటకు ఇటొక అర్థం, అటొక అర్థం పెట్టి, రెండూ ఆడదాని నెత్తినే రుద్దిన మహానుభావుడెవరో నాకు తెలియదు. మగవాడే అయ్యుంటాడని చాలాకాలం అనుకున్నాను. మా అమ్మను సరిగ్గా చూశాక ఆ నమ్మకం పోయింది.

మాది ఉద్దానం. పలాస నుంచి సముద్రం వైపు వెళ్తుంటే కొబ్బరీ, జీడిమామిడీ ఒకదాన్నొకటి తోసుకుంటూ పెరిగే ఇసుక నేల. నేను హైస్కూల్లో ఉండగానే నాన్న పోయారు. తోట అన్నయ్య చూసుకునేవాడు. ఇల్లూ, పిక్కలూ అమ్మ చేతిలో ఉండేవి. పిక్కలంటే జీడిపిక్కలు. పలాసలో భట్టీల్లో వేయించిన పిక్కలు బస్తాల్లో మా ఊళ్ళకొచ్చేవి. ఆడవాళ్ళు ఇంటి వెనక వసారాల్లో కూర్చుని, ఒక్కో పిక్కనూ రాతి మీద నిలబెట్టి చెక్క సుత్తితో కొట్టి, పప్పు విరక్కుండా తీసి మళ్ళీ పలాస పంపేవాళ్ళు. మా వీధిలో నడిచి వెళ్తుంటే ప్రతి ఇంటి వెనక నుంచీ ఆ టకటక వినబడేది.

పెళ్ళి పాయసంలో నేతిలో వేగి తేలే పప్పును చూసి మురిసిపోయేవాళ్ళకు దాని పెంకులో ఏముంటుందో తెలియదు. నల్లటి రసం ఉంటుంది. దాన్నే జీడి అంటాం. ఎంత వేయించినా పూర్తిగా పోదు. ఒంటికి తగిలితే కాలుతుంది, పొక్కుతుంది, పొక్కు చితికాక నల్లమచ్చ మిగులుతుంది. అందుకని కొట్టడానికి కూర్చునే ముందు చేతులకు ఆముదం పట్టించి, పైన బూడిద అద్దుకోవాలి. కింద ఆముదం లేకపోతే బూడిద నిలవదు. వట్టి బూడిద చర్మాన్ని ఎండగట్టి పగలగొడుతుంది. ఆ పగుళ్ళలోకి జీడి దిగుతుంది.

ఆముదం ఇత్తడి గిన్నెలో, లోపలి గది గూట్లో ఉండేది. సాయంత్రం అమ్మవారి పటం ముందు దీపంలో పోసేది కూడా ఆ గిన్నెలోదే. కనుక ముట్టైన ఆడది దాన్ని తాకకూడదు. ముట్టైన ఆడది పొయ్యి తాకకూడదు, నీళ్ళ బిందె తాకకూడదు, ఉప్పు జాడీ తాకకూడదు, ఆరేసిన బట్టలు తాకకూడదు. పిక్కలు మాత్రం కొట్టవచ్చు. కొట్టవచ్చు అంటే కొట్టాలి. పిక్కకు పైన పెంకు, లోపల పొర ఉంటాయి కనుక పప్పుకు ముట్టు అంటదని మా ఊరి ఆడవాళ్ళ తీర్పు. ఎంత తెలివైన తీర్పో చూడండి. పలాస వెళ్ళాల్సిన దానికి ముట్టు లేదు, ఆడదాని చేతికి రాసుకునేదానికి ఉంది.

పోనీ ఇంకొకరు పైనుంచి పోయొచ్చు కదా అని అడుగుతారేమో. నేనూ అడిగాను. ముట్టైనవాళ్ళకు తాగడానికి నీళ్ళు అలాగే ఎత్తి పోసేవాళ్ళు, అన్నం అలాగే పైనుంచి వేసేవాళ్ళు. ఆముదానికి మాత్రం కుదరదు.

“నీల్ల దార తెగుతాది. నూని దార తెగదు. పోత్తే దార ఎంట ముట్టు గిన్నెలోకి ఎక్కిపోతాది” అనేది అమ్మ. ఈ మాట చెప్పేటప్పుడు ఆవిడ ముఖంలో సందేహమన్నది మచ్చుకైనా ఉండేది కాదు.

నా సంగతి వేరు. నేను కూతుర్ని. ముట్టు రోజుల్లో అమ్మ నన్ను పిక్కల దగ్గరికి రానిచ్చేది కాదు. వసారా చివర చాప వేసి, పుస్తకం చేతికిచ్చి, సదువుకో అనేది. చదువంటే ఆవిడకు గౌరవం కాబోలనుకుని నేను పొంగిపోయేదాన్ని. తనకు పుట్టినదాని చేతులు కాలకూడదన్నది అసలు సంగతి. కోడలి చేతులు ఎవరో కన్నవి కదా.

వదినది కోటబొమ్మాళి వైపు ఒక వరి ఊరు. నాట్లు, కోతలు తెలిసిన చేతులే గాని జీడి తెలియని చేతులు. పెళ్ళయి మా ఇంటికి వచ్చేనాటికి నేను టెక్కలిలో డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరి, హాస్టల్లో ఉంటూ, సెలవులకు వస్తూ ఉండేదాన్ని. హైవే వెడల్పు చేస్తున్న రోజులు. బస్సు దిగేసరికి తలనిండా ఎర్రదుమ్ము. అలా దిగిన ఒక శనివారం వదిన నాకు నీళ్ళందిస్తుంటే ఆమె చేతులు చూశాను. వేళ్ళ సందుల్లో ఎర్రటి పొక్కులు, అరచేతి అంచున చర్మం లేచిపోయి పచ్చిగా ఉంది. ఏమిటిదని అడిగితే చేతులు కొంగులో దాచుకుంది.

తర్వాతి సెలవుల్లో చూస్తే చేతులు బాగానే ఉన్నాయి. హమ్మయ్య అనుకున్నాను. ఆ పై నెల మళ్ళీ పొక్కులు. అప్పుడు గట్టిగా పట్టుకుని అడిగాను.

“నెల నెలా ఇంతే అమ్మాయీ” అంది వదిన. “బయట సేరకముందే నాకు తెలిసిపోతాది. రెండ్రోజులు ముందునుంచే సేతులు జిలపెడతాయి. మిగతా రోజుల్లో అంటుకున్నా ఊరుకునే జీడి, అప్పుడు సురుక్కుమంటాది. ఇంక బయటున్న రోజుల్లో బూడిదే కదా. అయిపోనాది.”

“బూడిదతో ఎందుకు కొడతావు? కొట్టనని చెప్పు.”

“సెప్తే ఏటవుతాదో నీకు తెల్దా?” అని నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. కోపం తెచ్చుకోవలసినవాళ్ళు నవ్వితే నేను భరించలేను.

మా ఇంట్లో ఆ పాటికే ఒక మాట తయారైంది. జీడి దానికి పడదు. ముట్టు వేడి, జీడి వేడి కలిసి దాని ఒంట్లో నిలవలేకపోతున్నాయి. వినేవాళ్ళుంటే అమ్మ తన రెండు చేతులూ ముందుకు చాపేది. నిజంగానే చక్కటి చేతులు. ఇన్నేళ్ళు పిక్కలు కొట్టిన చేతులంటే ఎవరూ నమ్మరు. ఒక్క నల్లమచ్చ లేదు. “నానూ ఈ ఇంటికి కోడలిగానే వచ్చేను. జీడి నన్నేటి సేసింది?” అనేది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఆ చేతులు చూసి తలలూపేవారు. వాళ్ళలో కొందరికి మచ్చలుండేవి, వాళ్ళు చేతులు వెనక్కి పెట్టుకునేవారు. మచ్చ ఉండడమంటే ఆడదానిలో ఏదో లోపమున్నట్టు లెక్క.

అదే సంవత్సరం మా జువాలజీ సారు హార్మోన్ల పాఠం మొదలుపెట్టారు. బాగా చెప్పేవారు, కాదనను. బోర్డు మీద రెండు గీతలు గీశారు. ఒకటి ఈస్ట్రోజన్, ఒకటి ప్రొజెస్టిరోన్. ఆ గీతల దగ్గరికి వచ్చేముందు ఆక్సిజన్ గురించి చెప్పారు. మనల్ని బతికించే గాలే మనల్ని కొంచెం కొంచెం కాలుస్తూ ఉంటుందట. ఇనుముకు తుప్పు పట్టడం అదే. “మీ పలాస జీడిపప్పు డబ్బా మూత తీసి వదిలేస్తే కొన్నాళ్ళకు ముక్క వాసన ఎందుకొస్తుంది? పప్పులో ఉన్న నూనెను గాలి పాడుచేస్తుంది. మంట లేకుండా కాల్చడమన్నమాట” అన్నారు. ఒంట్లోనూ అదే జరుగుతూ ఉంటుంది. దాన్ని అడ్డుకోవడానికి ఒంట్లో కొన్ని పదార్థాలు, కొన్ని ఎంజైములు కాపలా కాస్తుంటాయి. యాంటీ ఆక్సిడెంట్లు.

అప్పుడు గీతల దగ్గరికి వచ్చారు. నెల మొదటి సగంలో ఈస్ట్రోజన్ పెరుగుతూ పోయి, అండం విడుదలయ్యే వేళకు పైకెక్కుతుంది. దానికి సొంతంగానూ కొంత కాపలా గుణముంది, ఆ ఎంజైములకూ ఊతమిస్తుందంటారు. తర్వాత కొంచెం తగ్గి మళ్ళీ లేస్తుంది, ప్రొజెస్టిరోన్ కూడా పెరుగుతుంది. గర్భం నిలవకపోతే రెండూ కలిసి జారిపోతాయి. అలా జారాక ముట్టు వస్తుంది. ఆ ముందూ వెనకల రోజుల్లో ఒంటి కాపలా కొంత పల్చబడుతుందని కొందరు పరిశోధించినవాళ్ళు అంటారు, కొందరికి అంత తేడా కనబడలేదు, ఇంకా పూర్తిగా తేలలేదు అని చెప్పారు. నాకు వెంటనే వదిన మాట గుర్తొచ్చింది. రెండ్రోజులు ముందునుంచే చేతులు జిలపెడతాయి. బోర్డు మీద ఆ గీత కిందికి దిగిన చోట నా కళ్ళు అతుక్కుపోయాయి. ఒక మనిషి బాధ గీతలో కనబడుతుందని నాకు అంతవరకూ తెలియదు.

అక్కడ ఆగి ఉంటే ఆయనకు ఈ రోజుకీ దండం పెట్టేదాన్ని. ఆగలేదు. సుద్దముక్క బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని, “చూశారా, మన పెద్దవాళ్ళు ఏం చదువుకున్నారని! అయినా ఆ రోజుల్లో ఆడవాళ్ళను దూరంగా కూర్చోబెట్టారు. సైన్సు ఇప్పుడు కనుక్కుంటున్నది వాళ్ళకు అప్పుడే తెలుసు” అన్నారు. మగపిల్లలు కిసుక్కుమన్నారు. ఆడపిల్లలు పుస్తకాల్లోకి తలలు దించారు.

నేను లేచి నిలబడ్డాను. “సార్, కాపలా తగ్గిన రోజుల్లో ఇంకొంచెం కాపలా పెట్టాలి కదా. ఉన్నది కూడా తీసేస్తే అది తెలివెలా అవుతుంది?”

“ఏం తీసేశారమ్మా నీకు?”

“నూనె” అన్నాను.

క్లాసంతా గొల్లుమంది. సారు కూడా నవ్వారు. కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు. చివరికి బయటికి పంపించారు. వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడి, ఆయన్నీ, నవ్వినవాళ్ళనీ, నవ్వకుండా తలలు దించినవాళ్ళనీ కలిపి నాకు వచ్చిన తిట్లన్నీ తిట్టుకున్నాను. దూరంగా కూర్చోబెట్టారట. మా ఊరొచ్చి చూడమనండి. ఎవరినీ ఎక్కడా కూర్చోబెట్టలేదు. కూర్చోబెట్టింది పిక్కల ముందు, అదీ వట్టి చేతులతో.

ఆ వారం టెక్కలి బజారులో చిన్న సీసాడు ఆముదం కొని ఇంటికి తీసుకెళ్ళాను. అమ్మవారికీ గూటికీ సంబంధం లేని ఆముదం. వదిన దాన్ని చేతిలోకే తీసుకోలేదు.

“ఇంట్లో రెండు ఆముదాలు ఉండకూడదని అత్త అన్నాది” అంది. “ఒద్దన్నాక ఎలాగ రాసుకుంటాను?”

“ఆవిడ చూడదు. పశువుల పాకలో పెడతాను.”

“ఆవిడ సూడదు గాని నాకు తెలుత్తాది కదా.”

ఆ నిజాయితీ చూస్తే నాకు చిరాకేసింది. దీనికి మెచ్చుకోలు ఎవరిస్తారని అరిచాను. అరిచాక కోపం కాస్త చల్లారి, వసారాలో ఆమె పక్కన చతికిలబడి, సారు గీసిన గీతలు బూడిదలో వేలితో గీసి చూపించాను. నీ తప్పేం లేదు, ఇది హార్మోన్ల ఎగుడుదిగుడు, అందరు ఆడవాళ్ళకూ ఉంటుంది, ఆ రోజుల్లో ఒంటికి అడ్డు కాస్త తక్కువ, కనుక ఆముదం మామూలుకంటే ఎక్కువ పట్టించాలి అని చెప్పాను. ఇందులో హార్మోన్ల వాటా ఎంతో, బూడిద వాటా ఎంతో నాకు తెలియదని కూడా చెప్పాను. వదిన శ్రద్ధగా విన్నది. తనలో లోపం లేదన్న మాట దగ్గర ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మా వెనక గుమ్మంలో అమ్మ నిలబడి ఉన్నదని నేను చూసుకోలేదు.

“అదే కదేటి నాను మొదట్నుంచీ అంటన్నది!” అంది అమ్మ. “ఆ రోజుల్లో ఒంట్లో సత్తువుండదని ఇప్పుడు మీ సారు కూడా అన్నాడు కదా. సదువుకున్నోల్లే అంటన్నారు, దీని ఒంటికి జీడి పడదని.”

“ఆయన అలా అనలేదు. అందరికీ ఉంటుందన్నారు.”

“నాకు లేదే?” అంటూ చేతులు చాపింది.

ఆ నెలంతా మా వీధిలో అదే ప్రచారం. టెక్కలి కాలేజీలో పెద్ద సారు చెప్పాడు, కోడలి ఒంట్లో ఏదో తక్కువుందట. అక్కుపల్లి నుంచి చేపల తట్టతో వచ్చే ఆవిడ కూడా మా గుమ్మంలో తట్ట దించి, “ఏటమ్మా, నీ కోడలి రగతంలో ఏదో లేదంట కదా” అని పరామర్శించి వెళ్ళింది. నేను తెచ్చిన సైన్సు మా అమ్మ చేతిలో ఇలా తయారైంది. సారు నోటి నుంచి వచ్చేటప్పుడే అది సగం వంకర. మిగతా సగం మా అమ్మ వంచింది.

వానాకాలం వచ్చింది. పిక్కలు చెమ్మ పట్టకముందే కొట్టి పంపేయాలని తొందర. బయటున్న రోజుల్లోనే వదిన కుడిచేతి రెండు వేళ్ళ మధ్య పొక్కు చితికి, చీము పట్టింది. అన్నయ్య చూసీ చూడనట్టు వారం గడిపాడు. మా అన్నయ్య చెడ్డవాడు కాదని అందరూ అంటారు. నిజమే, ఆయన ఏమీ కాడు. చెయ్యి మణికట్టు దాకా వాచి, జ్వరం వచ్చి, ఆమె లేవలేకపోయాక పలాస తీసుకెళ్ళాడు. డాక్టరు కోసి చీము తీశాడు. వేళ్ళు దక్కాయి గాని వంగిపోయాయి, ఇక పూర్తిగా చాచడం కష్టమన్నాడు.

నేను టెక్కలి నుంచి వచ్చేసరికి ఇంట్లో నిర్ణయం జరిగిపోయింది. వదినను కన్నవారింటికి పంపించేస్తున్నారు. చెయ్యి నయమయ్యేదాకా అని పైకి మాట. వజ్రపుకొత్తూరు వైపు అన్నయ్యకు ఇంకో సంబంధం గురించి అమ్మ ఎవరితోనో మాట్లాడుతోందని పక్కింటివాళ్ళు నాకు చెప్పారు. జీడి పడని మనిషి ఉద్దానంలో ఏం చేస్తుందని అమ్మ వాదన. అన్నయ్యను నిలదీస్తే, “అమ్మ సూసుకుంటాది” అని తోటలోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న వదిన వాళ్ళ నాన్న వచ్చాడు. సన్నగా, ఎండిపోయి, భుజం మీద తువ్వాలుతో, తప్పు తనదే అన్నట్టు వంగి నడిచే మనిషి. వసారాలో బల్ల మీద కూర్చోబెట్టి అమ్మ మజ్జిగ ఇచ్చింది. వదినకు ఆ రోజే ముట్టు వచ్చింది. వసారా చివర బట్టల సంచీ పక్కన, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కన్నతండ్రి వస్తే ఎదురెళ్ళి కాళ్ళకు నీళ్ళివ్వడానికి కూడా లేదు.

“అన్నియ్యా, నాను నీ కూతుర్ని ఒక్క మాట అన్నేదు” అని మొదలుపెట్టింది అమ్మ. “దాని ఒల్లు అలాంటిది. జీడి పడదు. ఈ ఇంట్లో నాను ఇన్నేల్లు కొట్టేను. ఇదిగో, నా సేతులు సూడు.”

ఆ పెద్దమనిషి ఆ చేతులు చూశాడు. తర్వాత కూతురి చేతుల వైపు చూశాడు. “అదృట్టం ఉండాలి కదమ్మా” అన్నాడు మెల్లగా.

నేనూ చూశాను. పుట్టినప్పట్నుంచీ చూస్తున్న చేతులే. నాకు జడ వేసిన చేతులు, నాకు అన్నం పెట్టిన చేతులు. ఆ రోజు ఎండలో, ఆ మాటల మధ్య, మొదటిసారి పిక్కలు కొట్టే మనిషి చేతులుగా చూశాను. మనసులో ఏదో తట్టింది. తట్టినదాన్ని ఆపుకునే అలవాటు నాకు లేదు.

“అమ్మా, నువ్వు బయటున్న రోజుల్లో ఏం రాసుకునేదానివి?” అన్నాను.

“ఏటి రాసుకుంటాను? బూడిద.”

“వట్టి బూడిదేనా?”

“బూడిదే. లోపలికెల్లు నువ్వు.”

“వెళ్ళను. వట్టి బూడిదతో కొట్టిన చేతులు ఎలా ఉంటాయో అవిగో, అక్కడున్నాయి” అని వదిన చేతులు చూపించాను. “ఈ వీధిలో మచ్చలున్న ప్రతి చెయ్యీ బూడిద చెయ్యే. ఇన్నేళ్ళు, నెల నెలా, బూడిదతో కొట్టి నీ చేతులు ఇలా ఉన్నాయంటే నేను నమ్మను. హార్మోన్లు నీకొక్కదానికే వేరుగా ఉండవు. అమ్మవారి మీద ఒట్టేసి చెప్పు, ఆ గిన్నె ముట్టలేదని.”

అమ్మ లోపలి గది గుమ్మం వైపు చూసింది. ఒట్టు పెట్టలేదు. మా అమ్మకు అబద్ధం కష్టం కాదు, అమ్మవారంటే మాత్రం నిజంగా భయం. ముఖం ఎర్రగా కందిపోయింది. వదిన వాళ్ళ నాన్న మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాడు.

“రాసుకున్నాను” అంది అమ్మ, ఒక్కసారిగా గొంతు లేచి. “దొంగసాటుగా రాసుకున్నాను. మా అత్త పశువుల్ని తోలుకెల్లినప్పుడు గూట్లో సెయ్యెట్టి రాసుకున్నాను. అందరూ రాసుకున్నోల్లే! సేతులు బాగున్న ప్రతి ఆడదీ రాసుకున్నదే! ఇది రాసుకోకపోతే నానేటి సెయ్యను? నాకున్నవి రెండు కల్లు, రేయీపగలూ గిన్నెకి కాపలా కాసేనా? దీనికి తెలివి లేకపోతే తప్పు నాదేటి?”

ఈ మాటలు నేను ఇప్పటికీ మరిచిపోలేదు, క్షమించలేదు. మాలో ఎవరైనా ఆవిడను అడ్డుకుంటారేమోనన్నట్టు ఆవిడ ఊపిరి తీసుకోకుండా మాట్లాడింది. తనను కాల్చబోయిన ఆచారం అబద్ధమని ఆవిడకు కోడలిగా ఉన్నప్పుడే తెలుసు. నూనె ధార వెంట ఏదీ ఎక్కదని తెలుసు. ధార దాకా ఎందుకు, చెయ్యే ముంచింది, ఏమీ కాలేదు. తెలిసీ, అత్త కుర్చీలోకి రాగానే అదే ఆచారాన్ని వదిన నెత్తిన పెట్టింది. దొంగతనం చేసిన కోడలు మంచి కోడలయింది. మాట విన్న కోడలికి చెయ్యి వంకరపోయింది.

ఇంతసేపూ వదిన కదల్లేదు. ఇప్పుడు లేచింది.

“మీరు ఒద్దన్నారు కదా అత్తా” అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. “ఒద్దన్నారని ముట్టలేదు. ముట్టమని ఒక్క నాడు కనుసైగ సేసినా నా వేల్లు నాకుండేవి.”

వదిన వసారా దాటి, వంటింటి పక్క నుంచి, ముట్టు బట్టతోనే లోపలి గదిలోకి నడిచింది. ఎవరూ ఆపలేదు. అన్నయ్య అప్పుడే తోటలోంచి వచ్చి పెరట్లో నిలబడిపోయాడు. ఆమె గూట్లోంచి ఇత్తడి గిన్నె తీసుకుని బయటికి వచ్చి, అందరి ఎదుటా కింద కూర్చుని, ఎడం చెయ్యి గిన్నెలో ముంచింది. కుడిచేతి కట్టు పై నుంచి మోచేతి దాకా పట్టించింది. తర్వాత కుడిచేతి మంచి వేళ్ళతో ఎడం చేతికి పట్టించింది. చాలా తాపీగా, ఆముదం మోచేతుల నుంచి కారి చీర మీద పడుతున్నా పట్టించుకోకుండా. కూతురు ఏం చేస్తోందో ఆమె తండ్రికి అర్థమయ్యాక, ఆ మెతక మనిషి తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు.

“నాన్నా, నువ్వెల్లు” అంది వదిన. “నాను రాను. పిక్కలు కొట్టను. కొబ్బరి పని సేసుకుంటాను, వంట సేసుకుంటాను. ఈ ఇంట్లోనే ఉంటాను. కొట్టమని ఎవలన్నా అంటే, ఈ మాట ఊరంతా సెప్తాను.”

అన్నాక అన్నయ్య వైపు చూసింది. అన్నయ్య జీవితంలో చేసిన ఒక్క పనీ అప్పుడు చేశాడు. వచ్చి బట్టల సంచీ తీసుకెళ్ళి లోపల పెట్టాడు.

ఆమె ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. నేను చెప్పాను. ప్రతి ఇంటికీ వెళ్ళి చెప్పాను. మచ్చల చేతులవాళ్ళు నమ్మారు. మచ్చల్లేనివాళ్ళు నన్ను తిట్టి పంపించారు. డిగ్రీ చదివి పొగరెక్కిందన్నారు. ఎక్కింది, దిగలేదు.

ఆ రోజు సాయంత్రం మాత్రం నేను ఎక్కడికీ వెళ్ళలేదు. దీపం వేళ దాకా గుమ్మంలోనే కూర్చున్నాను. వదిన ముట్టిన గిన్నె వసారాలోనే ఉంది, ఎవరూ తీయలేదు. ఇంట్లో వేరే ఆముదం లేదు. వదిన వద్దన్నా నేను దాచిపెట్టిన సీసా ఒకటి పశువుల పాకలో ఉందని నాకు తెలుసు, అమ్మకూ తెలుసనుకుంటాను. అమ్మ గిన్నె దగ్గరికి వచ్చి నిలబడింది. నా వైపు చూడలేదు. నీళ్ళు చల్లలేదు, పసుపు వెయ్యలేదు, శుద్ధి అన్న మాట ఎత్తలేదు. వంగి గిన్నె తీసుకుని లోపలికెళ్ళి, ప్రమిదలో ధారగా పోసి దీపం వెలిగించింది. ఆ గిన్నెలో నూనె ఎలాంటిదో ఆవిడకు తెలిసినంత ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.